78 ఏళ్ల ఆవిడ, ఈఎఫ్ 30, బీపీ 98: ముందు ఏ మందు ఆపాలి?

పల్లె_ఫిజీషియన్
పేషెంటు 78 ఏళ్ల ఆవిడ, 46 కిలోలు. పాత హార్ట్ ఎటాక్, ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో బయటికి తోసే వంతు) 30 శాతం. మూడు వారాల కిందట ఊపిరితిత్తుల్లో నీరు చేరితే సిటీలో ఒక పెద్దాసుపత్రిలో పెట్టి పంపించారు. ఇప్పుడు మంచం మీంచి లేస్తే తల తిరుగుతోంది, నిన్న బాత్రూమ్ గడప దగ్గర తూలి గోడ పట్టుకున్నారట. అన్నం సహించడం లేదు. కూర్చోబెట్టి చూస్తే బీపీ 98/60, పల్స్ 52.

చీటీలో ఉన్నవి: సాకుబిట్రిల్-వల్సార్టాన్ 50 రెండు పూటలా, కార్వెడిలాల్ 6.25 రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున, ఫ్రూసెమైడ్ 20తో స్పైరనోలాక్టోన్ 50 కలిసిన మాత్ర రెండు పూటలా, అది కాక లాసిక్స్ (ఇదీ ఫ్రూసెమైడే, నీటి మాత్ర) 40 రెండు పూటలా, డైజాక్సిన్ 0.25 వారానికి ఐదు రోజులు, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, పాంటోప్రజోల్.

డిశ్చార్జ్ కాగితం కింద "నెల తర్వాత రివ్యూ" అని ఒక్క ముక్క. మధ్యలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పని చెప్పే రక్తపరీక్ష) చూడమని ఎక్కడా లేదు. నాలుగు స్తంభాలూ (హార్ట్ ఫెయిల్యూర్‌కి వేసే నాలుగు ముఖ్యమైన మందులు: సాకుబిట్రిల్, కార్వెడిలాల్, డాపాగ్లిఫ్లోజిన్, స్పైరనోలాక్టోన్) నిలబెట్టేసి ఊరికి పంపిస్తారు, తర్వాత పడిపోతే చూసుకునేది మేము. సాకుబిట్రిల్, కార్వెడిలాల్ రెండూ ఆపేద్దామనుకుంటున్నాను. ఎవరైనా వద్దంటారా?

ఎకో_గది
నేను వద్దంటాను. బీపీ తగ్గిందనగానే అందరి పెన్నూ ముందు ఈ రెండింటి మీదకే పోతుంది. ఆయుష్షు పెంచే మందులు పోయి, పెంచనివి చీటీలో మిగులుతాయి. ముందు ఇవి చెప్పండి: కాళ్ల వాపు ఉందా? మెడ నరం ఉబ్బిందా? ఊపిరితిత్తుల అడుగున చప్పుళ్లున్నాయా? డిశ్చార్జ్ రోజున బరువెంత? ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒకటో నిమిషానికి, మూడో నిమిషానికి బీపీ ఎంత?

పీజీ_మూడో_ఏడు
లాసిక్స్ విడిగా 80, కలిపిన మాత్రలో ఇంకో 40. రోజుకి 120 మి.గ్రా. ఫ్రూసెమైడ్, 46 కిలోల మనిషికి. ఎవరూ కూడి చూసినట్టు లేదు.

ఫార్మా_కౌంటర్
స్పైరనోలాక్టోన్ కూడా కూడు తమ్ముడూ. రోజుకి 100. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఈ మందుని పరీక్షించి 1999లో వచ్చిన రేల్స్ ట్రయల్‌లో సగటు మోతాదు 26 మి.గ్రా. ఆ 50-20 కలయిక లివర్ చెడి పొట్టలో నీరు చేరినవాళ్లకి నప్పే పాళ్లు. గుండె జబ్బుకి రాస్తే పొటాషియం పెంచే మందు ఎక్కువా, నీరు లాగే మందు తక్కువా పడుతుంది. అది చాలక విడిగా లాసిక్స్ రాస్తారు. ఇదిగో ఇలా తయారవుతుంది.

డాక్టరు గారూ, చీటీ చూసి లాభం లేదు. ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం తెమ్మనండి. కళ్లలో వేసుకునే చుక్కలతో సహా.

పల్లె_ఫిజీషియన్
@ఎకో_గది వాపు లేదు. మెడ నరం కనిపించడం లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. డిశ్చార్జ్ రోజు బరువు 49.5, ఇప్పుడు 46. పడుకున్నప్పుడు 104/62, నిలబెట్టిన మూడో నిమిషంలో 82/50. నాలుక ఎండిపోయి ఉంది. డిశ్చార్జ్‌లో క్రియాటినిన్ 1.2, పొటాషియం 4.9. ఇవాళ్టి శాంపిల్ పంపాను. సంచీ సాయంత్రం తెస్తామన్నారు.

ఎకో_గది
ఇంకేముంది, మనిషిలో నీళ్లు లేవు. మూడున్నర కిలోలు పోయాయి. ఆ బీపీకి కారణం నీటి మాత్ర. రెండు లాసిక్స్‌లూ ఈ పూట నుంచే ఆపండి. సాకుబిట్రిల్ సంగతి పొటాషియం వచ్చాక మాట్లాడదాం.

నెఫ్రో_కోనసీమ
1.2 చూసి "నార్మల్" అనుకున్నట్టున్నారు. కిడ్నీ ఎంత వడకడుతోందో (క్లియరెన్స్) చెప్పే కాక్‌క్రాఫ్ట్ లెక్క వేయండి: 140లోంచి 78 తీస్తే 62. దాన్ని 46తో గుణిస్తే 2852. కింద 72 ఇంటూ 1.2, అంటే 86.4. భాగిస్తే 33. ఆడవాళ్లకి 0.85తో గుణించాలి కాబట్టి 28. మంచి రోజున కూడా కిడ్నీ పని నిమిషానికి 28 మి.లీ. ఇదే 1.2కి ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 46 అని ప్రింట్ అవుతుంది, ఎందుకంటే ఆ లెక్క 1.73 చదరపు మీటర్ల ఒళ్లున్న మనిషికి. ఈవిడ ఒళ్లు 1.35 ఉంటే గొప్ప. పైగా కండ లేని మనిషిలో క్రియాటినిన్ పుట్టడమే తక్కువ. డైజాక్సిన్‌లాంటి మందుకి ల్యాబ్ అంకె చూసి మోతాదు వేస్తే దెబ్బతింటాం.

జిరియాట్రిక్_హైదరాబాద్
అన్నం సహించడం లేదన్న మాట ఎవరూ పట్టుకోలేదు. 0.25 డైజాక్సిన్, క్లియరెన్స్ 28, పల్స్ 52, ఆకలి లేదు. వేరే కారణం తేలేదాకా ఇది డైజాక్సిన్ విషమే అనుకోవాలి. ముసలివాళ్లలో పుస్తకాల్లో రాసే పసుపు చూపు అరుదు. అన్నం వద్దంటారు, వికారం, నీరసం, కొంచెం అయోమయం. ఇంట్లోవాళ్లు "వయసు" అనుకుంటారు.

శని, ఆదివారాలు మానేసే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. రెండు రోజులు మానేసినా మిగతా ఐదు రోజుల్లో పడేది 1.25 మి.గ్రా. ఈ కిడ్నీకి వారానికి అందులో మూడో వంతు దాటకూడదు. అసలు ఈవిడకి ఎందుకిచ్చారు? రిథమ్ సైనసా (మామూలు లయ), ఏఎఫా (గుండె పై గదులు లయ తప్పడం)?

పల్లె_ఫిజీషియన్
సైనస్. పల్స్ రెగ్యులర్‌గానే ఉంది.

జిరియాట్రిక్_హైదరాబాద్
అయితే అవసరమే లేదు. డైజాక్సిన్ మీద చేసిన 1997 డిగ్ ట్రయల్‌లో ఆసుపత్రి అడ్మిషన్లు తగ్గాయి గానీ చావులు తగ్గలేదు. రక్తంలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంటేనే క్షేమం. ఆపేసి లెవెల్ పంపండి. చివరి మాత్ర వేసిన ఆరు గంటల తర్వాతే రక్తం తీయాలి, లేకపోతే ఉత్తుత్తి ఎక్కువ వస్తుంది.

సిటీ_కార్డియో
పెద్దాసుపత్రులను తిట్టే ముందు ఒక మాట. నాలుగూ త్వరగా మొదలుపెట్టడం తప్పు కాదు. 2022లో స్ట్రాంగ్-హెచ్ఎఫ్ ట్రయల్ చూపించింది కదా: ఇంటికి పంపే ముందే సగం మోతాదులు, రెండు వారాల్లో పూర్తి మోతాదులు, ఆరు నెలల్లో చావులూ మళ్ళీ అడ్మిషన్లూ కలిపి చూస్తే తగ్గాయి. "పెద్దావిడ కదా, మెల్లగా" అనుకుంటూ ఏడాది తర్వాత కూడా మొదటి మోతాదులోనే ఉండిపోయినవాళ్లు కోకొల్లలు.

జిరియాట్రిక్_హైదరాబాద్
ఆ ట్రయల్ నాకూ ఇష్టమే సార్. కానీ అందులో చేరాలంటే బీపీ 100కి పైన, పల్స్ 60కి పైన, పొటాషియం 5 లోపు ఉండాలి. సగటు వయసు 63. ఇంకా ముఖ్యం, డిశ్చార్జ్ అయ్యాక ఒకటి, రెండు, మూడు, ఆరో వారాల్లో పిలిచి, పరీక్ష చేసి, రక్తం చూసి, అప్పుడు పెంచారు. మనవాళ్లు అందులోంచి మందులు తీసుకున్నారు, విజిట్లు వదిలేశారు. విజిట్లు లేకుండా అది స్ట్రాంగ్-హెచ్ఎఫ్ ఎలా అవుతుంది?

సిటీ_కార్డియో
విజిట్ల సంగతి ఒప్పుకుంటాను. 150 కిలోమీటర్ల నుంచి వారం వారం రమ్మంటే రారు, అదీ నిజమే. కానీ దానికి విరుగుడు మందు ఇవ్వకపోవడం కాదు, ఊళ్లో ఫిజీషియన్‌తో మాట్లాడుకోవడం. ఏ వారం ఏం చూడాలో కాగితం మీద రాసిస్తే చాలు.

పల్లె_ఫిజీషియన్
అదే సార్ మేం అడిగేది. ఒక్క ఫోన్ నంబరు, నాలుగు లైన్లు.

లీడ్స్_రిజిస్ట్రార్
ఇక్కడ ఆ పని హార్ట్ ఫెయిల్యూర్ నర్సులు చేస్తారు. డిశ్చార్జ్ అయ్యాక రెండు వారాల్లోపు ఒకసారి చూడాలన్నది పద్ధతి. బీపీ, పల్స్, బరువు, రక్తపరీక్ష చూసుకుంటూ వాళ్లే ఒక్కో మెట్టు పెంచుతారు. డాక్టరు ప్రతిసారీ అక్కర్లేదు.

పల్లె_ఫిజీషియన్
సంచీ వచ్చింది. టేబుల్ మీద పోసి ఒక్కొక్కటీ విడదీశాను. చీటీలో లేనివి ఇవి:
ఆమ్లోడిపిన్ 5, పాత బీపీ చీటీలోది, రోజూ వేస్తున్నారు.
రామిప్రిల్ 2.5 షీటు, పదింటిలో నాలుగు ఖాళీ. "అప్పుడప్పుడు తల బరువుగా ఉంటే" వేశారట.
ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్, మోకాళ్లకి, రెండు పూటలా. మెడికల్ షాపులో ఇచ్చారు.
టిమొలాల్ కంటి చుక్కలు.
అది కాక, ఉప్పు తగ్గించమన్నారని కోడలు లో-సోడియం ఉప్పు ప్యాకెట్ కొని అదే వండుతోంది. నీరసంగా ఉందని రోజూ ఒక కొబ్బరి బొండం.

ల్యాబ్: పొటాషియం 5.8, సోడియం 131, క్రియాటినిన్ 1.5, హిమోగ్లోబిన్ 9.8. ఈసీజీలో రేటు 50, పీఆర్ 240 మిల్లీసెకండ్లు (పై గదుల నుంచి కింది గదులకి కరెంటు ఆలస్యంగా వెళ్తోంది), టీ వేవ్స్ మొనదేలి లేవు (పొటాషియం బాగా పెరిగితే మొనదేలతాయి).

ఫార్మా_కౌంటర్
రామిప్రిల్ చూసి నాకు చెమట పట్టింది. సాకుబిట్రిల్‌తో అది కలవకూడదు. రెంటికీ మధ్య 36 గంటల ఎడం ఉండి తీరాలి. కలిస్తే పెదాలు, నాలుక, గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, ఏ "ప్రిల్" అయినా ఇదే. సాకుబిట్రిల్ కొత్తగా మొదలైన రోజున పాత ప్రిల్ షీట్లు ఇంట్లోంచి వెనక్కి తీసుకోవాలి. "ఆపండి" అని చెప్తే సరిపోదు.

లో-సోడియం ఉప్పులో తీసేసిన సోడియం స్థానంలో ఉండేది పొటాషియం క్లోరైడ్. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ల ఇంట్లో అది ఉండకూడదు. మామూలు ఉప్పే తక్కువ వేసుకోవాలి.

నెఫ్రో_కోనసీమ
ఇప్పుడు క్లియరెన్స్ 22. పొటాషియం, కిడ్నీ, పల్స్ తగ్గించే మూడు మందులు, నీరు లేకపోవడం, నాలుగూ ఒకదాన్నొకటి తోస్తున్నాయి. కిడ్నీ తగ్గితే పొటాషియం, డైజాక్సిన్ రెండూ పేరుకుంటాయి. అవి పేరుకుంటే పల్స్ పడిపోతుంది. పల్స్ పడితే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. దీన్నే బ్రాష్ సిండ్రోమ్ అంటున్నారు. ఇంటికి పంపొద్దు. మానిటర్ ఉన్న బెడ్ మీద ఈ రాత్రి ఉంచండి.

స్పైరనోలాక్టోన్, డైజాక్సిన్, ఎసిక్లోఫెనాక్, ఆమ్లోడిపిన్, ఉప్పు, బొండాలు ఇవాళే బంద్. ఊపిరితిత్తులు శుభ్రం కాబట్టి 250 మి.లీ. నార్మల్ సెలైన్ రెండు గంటల్లో ఎక్కించి, మళ్ళీ విని, అప్పుడు ఇంకో 250 కావాలో లేదో చూడండి. రక్తం ఇంకోసారి తీయండి, పట్టీ బిగించి పిడికిలి మూయించి తీస్తే పొటాషియం అబద్ధం చెప్తుంది. రెండోది 6 దాటినా, ఈసీజీలో క్యూఆర్ఎస్ గీత వెడల్పయినా, పల్స్ 45 కిందకి దిగినా అక్కడ పెట్టుకోవద్దు, అంబులెన్స్‌లో పంపండి.

ఎకో_గది
5.8తో సాకుబిట్రిల్ కూడా ఆపాల్సిందే. ఇందాక నేను వద్దన్నది బీపీ పేరు చెప్పి ఆపడం. ఇప్పుడు కారణం పొటాషియం. కార్వెడిలాల్ ఈ రాత్రి, రేపు పొద్దున వదిలేసి, పల్స్ 55 దాటాక 3.125తో మళ్ళీ వేయండి. పూర్తిగా మానేసి వారాలు వదిలేస్తే వెనక్కి కొడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ సరిగ్గా తినేదాకా వద్దు.

ఆపిన ప్రతి మందు పక్కన మళ్ళీ మొదలుపెట్టే తేదీ రాయండి. తేదీ లేకుండా ఆపిన మందు మళ్ళీ మొదలవడం నేను అరుదుగా చూశాను.

కంటి_డాక్టర్
టిమొలాల్ చుక్కల గురించి. కంట్లో వేసింది కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, లివర్ తగలకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. కార్వెడిలాల్ మీద ఇది రెండో బీటా బ్లాకర్ (పల్స్ తగ్గించే మందు) అన్నమాట. లాటానోప్రోస్ట్ లాంటిదానికి మార్చొచ్చు, కంటి ప్రెషర్ చూసి మేం మారుస్తాం, మీరు ఉన్నపళంగా ఆపేయొద్దు. మార్చేదాకా చుక్క వేశాక కంటి లోపలి మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టమనండి.

వరంగల్_వార్డు
ఆమ్లోడిపిన్ సంగతి మా దగ్గర రోజూ చూస్తం. దానితోని పాదాలు వాస్తయి, వాపు చూసి లాసిక్స్ రాస్తరు, లాసిక్స్‌తోని రాత్రి నాలుగుసార్లు లేస్తరు, చీకట్ల పడి తుంటి ఎముక విరుగుతది. వాపు చూడంగనే గోలీ రాసుడు కాదు, సంచీల ఆమ్లోడిపిన్ గానీ ప్రెగాబలిన్ గానీ ఉన్నదా చూడాలె. నీటి గోలీ పొద్దున 8కి, రెండోది ఉంటే పగలు 2కి. సాయంత్రం అయితే ఎయ్యనే వద్దు.

పీజీ_మూడో_ఏడు
పొటాషియం ఎప్పుడెప్పుడు చూడాలి? మా వార్డులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

నెఫ్రో_కోనసీమ
స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టినా పెంచినా వారానికి, నాలుగు వారాలకి, తర్వాత మొదటి ఏడాదంతా మూడేసి నెలలకి. 5.5 దాటితే సగం చెయ్యి, 6 దాటితే ఆపు. 5 పైన ఉన్నవాళ్లకి మొదలే పెట్టకు. ముసలివాళ్లకి 12.5 చాలు, అంటే 25 మాత్రలో సగం.

రేల్స్ వచ్చాక కెనడాలో ఒంటారియోలో ఏం జరిగిందో చదువు. 66 దాటిన హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001 నాటికి 11 మంది. మందు మంచిదే. ట్రయల్‌లో చూసినంత దగ్గరగా బయట ఎవరూ చూడలేదు, అంతే.

లీడ్స్_రిజిస్ట్రార్
ఇంకొకటి కలపండి: కో-ట్రైమాక్సజోల్. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని ఐదు రోజులు రాస్తారు. అందులోని ట్రైమెథోప్రిమ్ కూడా కిడ్నీలో పొటాషియం బయటికి పోనివ్వదు. స్పైరనోలాక్టోన్ మీద ఉన్న పెద్దవాళ్లలో హఠాత్తు మరణాలు ఈ జోడీకి ముడిపడి ఉన్నాయి. క్లారిత్రోమైసిన్ రాస్తే డైజాక్సిన్ పెరుగుతుంది, అదొకటి.

మనవడు_ఒకడు
డాక్టర్లు కానివాళ్లు అడగొచ్చా? మా తాతయ్యకి 84. ఇన్ని మాత్రలు అవసరమా? ఆ వయసులో ప్రశాంతంగా ఉండనివ్వొచ్చు కదా అని ఇంట్లో అందరూ అంటున్నారు.

జిరియాట్రిక్_హైదరాబాద్
అడగాల్సిన ప్రశ్నే బాబూ. గుండెకి వేసేవి కేవలం ఆయుష్షు కోసం అనుకుంటే పొరపాటు. ఆయాసం లేకుండా నిద్రపోవడం, నెలకోసారి ఐసీయూ పాలు కాకపోవడం కూడా వాటి వల్లే. వయసైనవాళ్ల మీద విడిగా చూసిన ట్రయల్ కూడా ఉంది: 2005లో సీనియర్స్, 70 దాటినవాళ్లు 2128 మంది, నెబివొలాల్ 1.25తో మొదలుపెట్టి ఓర్చుకున్నంత మేర 10 దాకా. చావులు, గుండె జబ్బు అడ్మిషన్లు కలిపి చూస్తే తగ్గాయి.

తీసేయాల్సింది వేరే చోట ఉంటుంది. అవసరం తీరిపోయిన పాంటోప్రజోల్, రెండు రకాల విటమిన్లు, నిద్ర మాత్ర, నొప్పి మాత్ర. స్టాటిన్ కూడా చర్చించొచ్చు. 2007 కరోనా ట్రయల్‌లో, అది వైరస్ పేరు కాదు, 60 దాటిన హార్ట్ ఫెయిల్యూర్‌వాళ్లలో రోసువాస్టాటిన్ చావులు తగ్గించలేదు. స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాకపోతే మాత్రం ముట్టుకోవద్దు. మంచం పట్టి, మింగడం కష్టమై, నెలల్లోకి వచ్చినవాళ్లయితే లెక్క మారుతుంది. అప్పుడు ఆయాసం తగ్గించే నీటి మాత్ర ఉంచి మిగతావి ఒక్కొక్కటిగా వదిలేస్తాం. తాతయ్యకి ఏది ముఖ్యమో ఆయన్నే అడగండి. చాలా ఇళ్లలో ఆ ఒక్క మనిషిని తప్ప అందరినీ అడుగుతారు.

మనవడు_ఒకడు
నడిచి గుడికి వెళ్లాలంటారు. అదే ఆయన కోరిక.

ఎకో_గది
అయితే మందులు ఉండాల్సిందే. బీపీ అంకె మరీ పట్టించుకోవద్దు. 95 ఉన్నా కళ్లు తిరగకుండా నడుస్తుంటే 95 ఉండనివ్వండి.

పీజీ_మూడో_ఏడు
ఈఎఫ్ 60 ఉన్న ముసలివాళ్ల సంగతి? ఆయాసం, వాపు అవే. మందులూ ఇవేనా?

ఎకో_గది
కాదు. అక్కడ గట్టిగా నిలబడింది ఎస్జీఎల్టీ2 గుంపు: 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్, 2022లో డాపాగ్లిఫ్లోజిన్. 2024లో ఫినెరెనోన్‌కి (స్పైరనోలాక్టోన్ కోవదే) 40 పైన ఈఎఫ్‌లో లాభం కనిపించింది. మిగతాదంతా నీరు అదుపులో ఉంచడం, బీపీ, ఏఎఫ్. బీటా బ్లాకర్‌కి వేరే కారణం లేకపోతే ఆపి చూడు, పల్స్ పెరిగాక బాగా నడిచేవాళ్లున్నారు.

ఒకటి గుర్తు పెట్టుకో. ఎకోలో గోడలు మందం, ఈసీజీలో వోల్టేజీ మాత్రం చిన్నది, ఎప్పుడో రెండు చేతులకీ కార్పల్ టనెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్. ఆ మూడూ కలిస్తే అమైలాయిడ్ (గుండె కండరంలో ఒక ప్రొటీన్ పేరుకునే జబ్బు) గురించి ఆలోచించాలి. వాళ్లకి బీటా బ్లాకర్, డైజాక్సిన్ పడవు.

వరంగల్_వార్డు
డాపా గోలీ మీద ఉన్నోళ్లకు కింద దురద, తెల్లగ అయితది. సిగ్గుతోని చెప్పరు, గోలీ మానేస్తరు. మొదలే చెప్పాలె: మూత్రం పోసినాక నీళ్లతోని కడుక్కొని తుడుచుకోవాలె. వస్తే క్లోట్రైమజోల్ క్రీమ్ వారం రాస్తే పోతది, గోలీ ఆపే పని లేదు. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందు ఆపాలె.

సిటీ_కార్డియో
వాంతులు, విరేచనాలు, తిండి లేకపోవడం, నిర్జల ఉపవాసం: ఈ రోజుల్లో డాపా, స్పైరనోలాక్టోన్, సాకుబిట్రిల్, నీటి మాత్ర నాలుగూ ఆపి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ వేయాలి. రెండు రోజులు దాటితే ఫోన్ చేయాలి. బీటా బ్లాకర్ మాత్రం ఆపకూడదు. ఈ వాక్యాలు తెలుగులో కొట్టించి చీటీకి పిన్ను చేయండి. రోహిణి కార్తెలో కూడా జనవరి మోతాదు లాసిక్సే నడుస్తూ ఉంటుంది మన దగ్గర.

ఫార్మా_కౌంటర్
నీళ్ల లెక్క? ఇంకా చాలామంది లీటరు దాటొద్దని చెప్పి పంపుతున్నారు. ఈ ఎండల్లో లీటరా?

సిటీ_కార్డియో
నిలకడగా ఉన్నవాళ్లకి అంత కట్టడి అక్కర్లేదు. 2025లో ఫ్రెష్-అప్ ట్రయల్‌లో 1500 మి.లీ. హద్దు పెట్టినవాళ్లకీ దాహాన్ని బట్టి తాగినవాళ్లకీ పెద్ద తేడా రాలేదు, హద్దు ఉన్నవాళ్లకి దాహం బాధే ఎక్కువ. సోడియం బాగా పడిపోయినవాళ్లు, ఒంట్లో నీరు నిండి ఉన్నవాళ్లు వేరు.

వరంగల్_వార్డు
నీళ్లు కొలుసుడు కంటే బరువు చూసుడు మేలు. పొద్దున లేచి, మూత్రానికి పోయొచ్చి, చాయ్ తాగకముందు, అదే మిషన్, గచ్చు మీద పెట్టాలె, చాప మీద కాదు. రోజూ బుక్కుల రాయాలె. మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగితే ఫోన్. తగ్గినా ఫోన్, అది ఎవ్వరూ చెప్పరు. ఈ అమ్మ మూడున్నర కిలోలు తగ్గే దాంక ఎవ్వరూ చూడలే.

పల్లె_ఫిజీషియన్
నాలుగో రోజు. రెండో శాంపిల్‌లో పొటాషియం 5.6 వచ్చింది కాబట్టి ఇక్కడే ఉంచాను. సెలైన్ మొత్తం 500 పట్టింది. డైజాక్సిన్ లెవెల్ 2.3. రెండో రోజుకి పెరుగన్నం అడిగి తిన్నారు. ఇవాళ పొటాషియం 4.8, క్రియాటినిన్ 1.2, బరువు 47.8, పల్స్ 64, పడుకుంటే 116/66, మూడో నిమిషానికి 104/62. కార్వెడిలాల్ 3.125 రెండు పూటలా నడుస్తోంది. మిగతావి ఏ వరసలో?

ఎకో_గది
బీపీ తక్కువ తగ్గించేవి ముందు. రేపు డాపా 10, దానికి మోతాదు పెంచే పని లేదు. నీటి మాత్ర ఇప్పుడే వద్దు. బరువు 49 దాటితేనో, ఆయాసం వస్తేనో లాసిక్స్ 20 పొద్దున ఒకటి. సాకుబిట్రిల్ 50 మాత్రలో సగం రెండు పూటలా, డాపా తర్వాత మూడో రోజు నుంచి. కార్వెడిలాల్‌తో ఒకే సమయానికి వద్దు, రెంటికీ మధ్య రెండు గంటలు. కార్వెడిలాల్ తిండితోనే. వారానికి పొటాషియం, క్రియాటినిన్. క్రియాటినిన్ 1.5 దాకా పెరిగినా మనిషి బాగుంటే కంగారు పడొద్దు. నిలకడగా ఉంటే స్పైరనోలాక్టోన్ 12.5, రోజు విడిచి రోజు, నెల తర్వాత.

నెఫ్రో_కోనసీమ
స్పైరనోలాక్టోన్ దగ్గర నేను ఒప్పుకోను. క్లియరెన్స్ 29, ఇప్పుడే 5.8 చూసి వచ్చారు. రెండు నెలలు ఆగండి. సాకుబిట్రిల్ పూర్తిగా 50కి చేరి పొటాషియం 4.5 దగ్గర ఉంటే అప్పుడు చూద్దాం.

ఎకో_గది
సరే, రెండు నెలలు. కానీ తేదీ రాయాలి.

జిరియాట్రిక్_హైదరాబాద్
మోకాళ్ల నొప్పి సంగతి తేల్చకపోతే ఎసిక్లోఫెనాక్ వారంలో తిరిగొస్తుంది. పారాసిటమాల్ 500, రోజుకి మూడు సార్లు లెక్క ప్రకారం, నొప్పి వచ్చాక కాదు. నీళ్లలో వేస్తే పొంగే రకం వద్దు, దాన్నిండా సోడియం. మోకాలి మీద డైక్లోఫెనాక్ జెల్ కొంచెం రాసుకోవచ్చు. తొడ కండరాల వ్యాయామం నేర్పించండి. హిమోగ్లోబిన్ 9.8 కూడా వదలొద్దు: ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పంపండి. ఫెరిటిన్ 100 లోపు ఉంటే, లేదా 300 లోపు ఉండి శాచురేషన్ 20 శాతం దాటకపోతే, నరం ద్వారా ఇనుము ఎక్కించాలి. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఐరన్ మాత్రలతో మలబద్ధకం తప్ప పెద్దగా ఏమీ రాదు. రక్తం ఎక్కడ పోతోందో కూడా చూడాలి, ఆస్పిరిన్ మీద ఇన్నాళ్లు నొప్పి మాత్రలు మింగారు.

ఫార్మా_కౌంటర్
అందుకే పాంటోప్రజోల్ ఈవిడకి ఉంచండి. సాకుబిట్రిల్ 50కి మధ్యలో గీత ఉన్న బ్రాండే ఇమ్మనండి షాపులో, లేకపోతే సగాలు సమంగా రావు. 2023లో పేటెంట్ పోయాక జెనరిక్‌లు చాలా వచ్చాయి, ధర గురించి భయపడి మానేయక్కర్లేదు. పాత షీట్లన్నీ మీ దగ్గరే ఉంచుకోండి డాక్టరు గారూ, ఇంటికి పంపొద్దు.

పల్లె_ఫిజీషియన్
సంచీ నా బీరువాలోనే ఉంది. వరస, బరువు హద్దులు, స్పైరనోలాక్టోన్ తేదీ తెలుగులో రాసి కోడలితో చదివించాను. కంటి డాక్టరు గారి అపాయింట్‌మెంట్ గురువారం. ఫెరిటిన్, వారం పొటాషియం రాగానే ఇక్కడే పెడతాను.